కోటీ ముప్పై లక్షల పాయింట్ల ఆట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఆన్‌లైన్ ఆటల గురించి ఉత్తరాలు రాయమని కోరాం. వచ్చినవాటిలో అయిదు ఉత్తరాలు ఒకే ఆటను పట్టుకున్నాయి: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న ఒక కల్పిత లోకంలో ప్రపంచం నలుమూలల వాళ్లూ ఒకేసారి కలిసి ఆడే ఆట ఇది. దీనితో నాకు పాత పరిచయం ఉంది కాబట్టి ఈసారి శీర్షికను దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వస్తే ల్యాప్‌టాప్‌లో ఒక పక్క పాఠాల వీడియో, మరో పక్క ఈ ఆట పెట్టుకుని కూర్చుంటాడు. బొమ్మలేమో చాలా మొరటుగా ఉన్నాయి. ఒక మనిషి చెట్టు ముందు నిలబడి గంటల తరబడి దాన్ని కొడుతూనే ఉంటాడు. "ఇదేం ఆటరా" అని అడిగితే "అమ్మా, ఇంకో నలభై లక్షలు వస్తే తొంభై తొమ్మిది" అంటాడు. ఏమిటా లక్షలు? పిల్లలు ఇంతగా అతుక్కుపోవడానికి ఇందులో ఏముంది? మంచీ చెడూ రెండూ చెప్పండి.
— ఒక గృహిణి, తణుకు

జవాబు: మీ అబ్బాయి చెప్పిన లక్షలు రూపాయలు కావు, ముందు ఆ బెంగ వదిలేయండి. ఈ ఆటలో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, గనులు తవ్వడం, వంట చేయడం, కత్తిసాము, విలువిద్య, మంత్రవిద్య వంటివన్నీ విడివిడి విద్యలు. ప్రతి విద్యలోనూ 99 వరకు లెవెళ్లు ఉంటాయి. పని చేసిన కొద్దీ అనుభవం పాయింట్ల రూపంలో జమ అవుతుంది, 99వ లెవెల్ చేరాలంటే సరిగ్గా 1,30,34,431 పాయింట్లు కావాలి. అయితే ఈ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. 92వ లెవెల్ చేరేనాటికి పోగయ్యేవి 65,17,253 పాయింట్లు, అంటే మొత్తంలో సగమే. తక్కిన సగం చివరి ఏడు మెట్లకే ఖర్చవుతుంది. ఇంకా నలభై లక్షలు కావాలంటున్నాడంటే మీవాడు ఇప్పటికే తొంభై లక్షలు పోగుచేసి 95వ లెవెల్‌లో ఉన్నాడన్నమాట. చిన్న కష్టమేమీ కాదు. అది దేనికి పనికొస్తుందన్నది వేరే సంగతి.

ఈ ఆటకు మూలమైన రూన్‌స్కేప్ 2001 జనవరి 4న బయటికి వచ్చింది. ఆండ్రూ గోవర్ అనే ఇంగ్లండ్ యువకుడు తన సోదరులతో కలిసి దాన్ని తయారుచేశాడు. కేంబ్రిడ్జ్‌లోని జాగెక్స్ సంస్థ దాన్ని నడుపుతోంది. అప్పట్లో దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించుకోవలసిన పని లేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు. గంటకు పదిహేను రూపాయలు కట్టి, పక్కవాడి మోచేయి తగిలే ఇరుకు గదిలో కూర్చుని అమీర్‌పేట నెట్ సెంటర్‌లో నేను ఆడగలిగానంటే కారణం అదే. ఖరీదైన యంత్రం అక్కర్లేకపోవడం దీని మొదటి బలం, ఈనాటికీ అది తగ్గలేదు. 2018 అక్టోబరు 30న ఫోన్‌లోకి వచ్చాక, కంప్యూటర్‌లో ఆపిన చోటి నుంచే అదే పాత్రతో ఫోన్‌లో కొనసాగించవచ్చు. మీరు మొరటు అన్న ఆ బొమ్మల వల్లనే సామాన్యమైన ఫోన్ కూడా దీన్ని మోయగలుగుతోంది.

రెండో బలం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఆట ఎవరినీ తొందరపెట్టదు, పెద్ద వీరుడివి నువ్వేనని తొలిరోజే కిరీటమూ పెట్టదు. కొత్తగా వచ్చినవాడికి లంబ్రిడ్జ్ కోటలో ఒక వంటవాడు ఎదురై, ప్రభువు పుట్టినరోజు కేకుకు గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమని బతిమాలుతాడు. పిండి కోసం ఆటగాడు చేలోకి వెళ్లి గోధుమ కోసి, గాలిమర పై అంతస్తుకు మోసుకెళ్లి తొట్టిలో పోసి, మీట తిప్పి, మళ్లీ కిందికి దిగి కుండలోకి ఎత్తుకోవాలి. పని పూర్తయ్యాక దక్కేది ఒక చిన్న బహుమతీ, కాసిని వంట పాయింట్లూ. వినడానికి నవ్వులాటగా ఉన్నా ఆట మొత్తం ఈ ధోరణిలోనే సాగుతుంది. యుద్ధానికి వెళ్లేవాడు తినే చేపను ఎవరో పట్టి ఉంటారు, ఎవరో వండి ఉంటారు, వాడి బాణం మొనను ఎవరో కొలిమిలో కాల్చి ఉంటారు. ఒకడి ఓపిక మరొకడికి సరుకవుతుంది. సంపాదించినది ఏళ్లు గడిచినా చెల్లుతుంది కూడా. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లో కొత్త భాగం విడుదలైనప్పుడు దాదాపు ప్రతిసారీ లెవెళ్ల హద్దు పెరిగి పాత ఆయుధాలు మూలన పడతాయి. ఇక్కడ 99 అంటే 99, ఆరు నెలలు మానేసి వచ్చినా ఎవరూ మిమ్మల్ని దాటి కొత్త శిఖరం కట్టి ఉండరు.

బలహీనత కూడా ఇదే వేరులోంచి పుట్టింది. ఈ ఆట రేటు కట్టి అమ్ముతున్నది కాలాన్ని. చెట్టు కొట్టడంలో నేర్చుకోవలసిన మెళకువ తొలి పది నిమిషాల్లోనే అయిపోతుంది, తర్వాతిదంతా అంకె పెరగడాన్ని చూస్తూ ఉండటమే. సగం దృష్టి పెట్టినా సాగిపోయే పని కనుక చదువుకుంటూ ఆడుతున్నానని పిల్లలు నిజాయితీగానే నమ్ముతారు. కానీ ఆటకు సగం దృష్టి ఇచ్చినవాడు పాఠానికి ఇచ్చింది కూడా సగమే కదా. పైగా తొంభై లక్షలు పోగుచేశాక మధ్యలో మానేస్తే అంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందన్న భయం కూర్చోబెడుతుంది. చివరి మెట్ల ఎత్తు ఈ భయాన్ని ఇంకా పెంచుతుంది.

అందుచేత ఎన్ని గంటలు ఆడావని అడగడం కంటే, 99 వచ్చాక ఏం చేస్తావని అడిగి చూడండి. ఫలానా క్వెస్ట్‌కు, అంటే ఆట అప్పగించే సాహసకార్యానికి, అది కావాలనో, స్నేహితులతో ఫలానా రాక్షసుడి మీదికి వెళ్తామనో చెబితే అతడు ఆడుతున్నాడని అర్థం. "ఇంకో విద్యలో 99" అన్న ఒక్క మాటే వస్తే పాఠాల వీడియో సమయంలో ఆట వద్దని మీరు పట్టుబట్టడంలో తప్పు లేదు. మరో చిన్న సంగతి. ఈ ఆటలో 63 విడతల శత్రువులను వరుసగా ఓడించవలసిన గుహ ఒకటి ఉంది; ఆఖరి విడతలో వచ్చే రాక్షసుడి చేతిలో చస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందులో ఉన్నానని, ఇప్పుడు లేవలేనని అంటే పూర్తిగా నమ్మకండి. విడతకూ విడతకూ మధ్య లాగౌట్ అయ్యి తర్వాత అక్కడి నుంచే కొనసాగించే వీలుంది, అన్నం చల్లారనివ్వాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: బడిలో ఉన్నప్పుడు ఆడి 2008లో మానేశాను. ఈమధ్య మళ్లీ మొదలుపెడితే అవే బొమ్మలు, అదే నిదానమైన పోరు. బాగుందని మనసంటోంది, ఇది పాత జ్ఞాపకాలను అమ్ముకునే వ్యాపారమేనని బుద్ధి అంటోంది. ఏది నిజం?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మొదట్లో మీ బుద్ధి చెప్పినదే నిజం. 2012 నవంబరులో సంస్థ అసలు ఆటలోని పోరు పద్ధతిని సమూలంగా మార్చేసింది. మీట మీద మీట నొక్కుతూ రకరకాల దెబ్బలు వేసే కొత్త పద్ధతి నచ్చక పాతవాళ్లు పెద్దయెత్తున వెళ్లిపోయారు. అదృష్టవశాత్తు 2007 ఆగస్టు నాటి ఆట ప్రతి ఒకటి సంస్థ దగ్గర భద్రంగా ఉంది. దాన్ని తిరిగి తెరవాలా అని 2013 ఫిబ్రవరిలో ఓటు పెడితే సుమారు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి, ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ మొదలైంది. పాత సినిమాను మళ్లీ హాల్లో వేసినట్టు కొన్నాళ్లు ఆడి వెళ్లిపోతుందని నేనూ అనుకున్నాను.

అలా జరగకపోవడానికి కారణం ఆ ఓటు అక్కడితో ఆగకపోవడం. కొత్త ప్రాంతం, కొత్త ఆయుధం, కొత్త క్వెస్ట్ ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ముందు ఓటుకు పెట్టడం ఆనవాయితీ అయింది. మొదట్లో 75 శాతం ఒప్పుకుంటేనే చేర్చేవారు, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. తయారుచేసేవాళ్లు తమ ఆలోచనను ఆడేవాళ్లకు వివరించి ఒప్పించవలసి రావడం ఈ ఆటకున్న బలాల్లో అన్నింటికంటే పెద్దదని నా అభిప్రాయం. కానీ ఓటు వేసేవాడు తనకు ఉన్నది పోకుండా చూసుకుంటాడు. కొత్త విద్య ఒకటి చేరుద్దామని 2014లోనూ 2015లోనూ 2019లోనూ ప్రతిపాదిస్తే మూడుసార్లూ వీగిపోయింది. 2015లో తిరస్కరించిన నౌకాయానాన్నే పదేళ్ల తర్వాత, 2025 నవంబరులో, చివరికి చేర్చగలిగారు. ఆటగాళ్లు పరస్పరం చంపుకునే అడవి ప్రాంతానికి సంబంధించిన ప్రతిపాదనలకైతే అక్కడ అడుగుపెట్టని శాంతికాముకుల ఓట్లే తరచూ అడ్డుపడుతూ వచ్చాయి, ఆ ప్రాంతాన్నే నమ్ముకున్నవాళ్లకు ఇది న్యాయమైన ఫిర్యాదే.

ఇక నిదానమైన పోరు సంగతి. ఆట లోపలి గడియారం 0.6 సెకనుకు ఒకసారి కొట్టుకుంటుంది. నడక, దెబ్బ, ప్రార్థన (పోరులో కాసేపు రక్షణో బలమో ఇచ్చే శక్తి), ఆహారం అన్నీ ఆ తాళానికి కట్టుబడే జరుగుతాయి. కొత్తవాడికి ఇది మొద్దుతనంగా కనిపిస్తుంది; పట్టుబడ్డాక చెక్క భజనలో తాళం తప్పకుండా అడుగు మార్చడం లాంటి ఆనందం ఇస్తుంది. పెద్ద రాక్షసుల దగ్గర ఒక్క తాళంలోనే ప్రార్థన మార్చి, ఆయుధం మార్చి, పక్కకు జరిగేవాళ్లను చూస్తే ఇది నిదానమైన ఆట అనబుద్ధి కాదు. మన దగ్గరి నుంచి ఆడేవాళ్లకు మరో లాభమూ ఉంది. దూరాన ఉన్న సర్వర్ నుంచి జవాబు రావడానికి సెకనులో అయిదో వంతు ఆలస్యమైతే తుపాకీ ఆటలో చచ్చిపోతాం, ఇక్కడ ఆ ఆలస్యం తాళంలో చాలా మటుకు ఇమిడిపోతుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. ఆట తన గురించి తాను ఏమీ చెప్పదు. ఫలానా పని ఎక్కడ చేయాలి, ఏ ఆయుధం దేనికి మేలు, క్వెస్ట్‌లో తరువాతి అడుగేమిటి అన్నది ఆటగాళ్లు రాసిపెట్టుకున్న వికీని పక్కన తెరవకుండా తెలుసుకోవడం కొత్తవాడికి దాదాపు అసాధ్యం. మీరు 2008లో నేర్చుకున్నది గుర్తుండబట్టి మీకది తట్టలేదు.

ప్రశ్న: ఆటలోని బంగారు నాణేలు అమ్మితే నిజమైన డబ్బు వస్తుందని మా హాస్టల్లో ఒకడు చెబుతున్నాడు. మరోవైపు సంస్థే 'బాండ్లు' అమ్ముతోంది. సంస్థ అమ్మితే తప్పు కానిది మేము అమ్మితే ఎందుకు తప్పు?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: బాండు అంటే ఏమిటో ముందు చూద్దాం. డబ్బున్నవాడు సంస్థ దగ్గర బాండు కొని, ఆటలోని గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ అనే అంగడిలో నాణేలకు అమ్ముతాడు. తీరికున్నవాడు తాను కష్టపడి కూడబెట్టిన నాణేలతో దాన్ని కొని 14 రోజుల సభ్యత్వంగా, అంటే ఆటను పూర్తిగా ఆడనిచ్చే చందాగా, మార్చుకుంటాడు. ఈ మార్పిడిలో సంస్థ కొత్తగా ఒక్క నాణెం కూడా ముద్రించదు. ఒకడి జేబులోని నాణేలు మరొకడి జేబులోకి వెళ్తాయి, అంతే. చేతిలో కార్డు లేని విద్యార్థి కూడా సభ్యుడిగా కొనసాగగలగడం దీని మంచి. డబ్బు పెట్టినవాడు ఇతరుల గంటలను కొనుక్కోవడం దీని చెడు. నూటికి నూరుపాళ్లు శుభ్రమైన ఏర్పాటని నేను అనను.

మీ హాస్టల్ మిత్రుడు చెబుతున్న బయటి అమ్మకం మాత్రం ఆట నియమాలకు విరుద్ధం, పట్టుబడితే ఖాతా పోతుంది. నియమం ఊరికే పెట్టింది కాదు. మనిషి లేకుండా తనంతట తానే ఆడే బాట్లను వందల సంఖ్యలో నడిపి, వాటి సభ్యత్వాలకు దొంగిలించిన క్రెడిట్ కార్డులు వాడి, పోగైన నాణేలను అమ్ముకునే ముఠాలు 2007 నాటికే పెరిగిపోయాయి. వాటిని అణచడానికి సంస్థ ఆ ఏడాది డిసెంబరు, మరుసటి జనవరి మధ్య ఆటగాళ్ల నడుమ స్వేచ్ఛగా జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలనే తెంచేసింది. స్నేహితుడికి ఒక ఖరీదైన కత్తి ఊరికే ఇవ్వడం కూడా కుదరకుండా పోయింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది ఆ పని. ఆటగాళ్ల ఓటు తర్వాత 2011 ఫిబ్రవరి 1న గానీ అది తిరిగి రాలేదు. ఓల్డ్ స్కూల్ 2007 ఆగస్టు ప్రతి నుంచి పుట్టింది కనుక ఆ నిషేధపు నీడ దాని మీద పడలేదు, కానీ బాట్ల బెడద మాత్రం వెంటే వచ్చింది, ఇప్పటికీ తీరలేదు.

ఈ విషయంలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ఉదంతం ఒకటుంది. 2017 ప్రాంతంలో వెనెజువేలాలో కరెన్సీ విలువ కుప్పకూలినప్పుడు, అక్కడివాళ్లు కొందరు పొద్దస్తమానం ఈ ఆటలో ఆకుపచ్చ డ్రాగన్లను చంపి, వాటి ఎముకలూ తోళ్లూ అమ్మి, వచ్చిన నాణేలను బయట డాలర్లకు అమ్ముకుని ఇల్లు గడుపుకున్నారు. వాళ్లను గుర్తుపట్టి వెంటాడి చంపడమే వినోదంగా పెట్టుకున్న ఆటగాళ్లూ ఉన్నారు. నియమం ప్రకారం తప్పు చేసింది డ్రాగన్లను చంపినవాళ్లే. అయినా వాళ్లను బాట్ ముఠాలతో ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. మీ హాస్టల్లో ఆ అవసరం లేదు, నిజంగా చేతిఖర్చుకు కావాలంటే గంట ట్యూషన్ చెబితే డ్రాగన్ల కంటే ఎక్కువే గిట్టుతుంది.

ప్రశ్న: మన రాష్ట్రాల్లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు కదా. నెలనెలా డబ్బు కట్టే ఈ ఆట కూడా ఆ కిందికి వస్తుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి అడ్డుకున్నది డబ్బు పందెం కాసే ఆటలను. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడా పందెం డబ్బుకూ, ఆటలోకి ప్రవేశం కోసం కట్టే చందాకూ తేడా చూపింది. ఇక్కడ కట్టేది చందా, గెలిస్తే తిరిగి వచ్చే డబ్బేమీ లేదు. అయితే ఆటలోపలే నాణేలు పందెం కాసి ద్వంద్వయుద్ధం చేసే రంగస్థలం ఒకటి చాలాకాలం ఉండేది, అక్కడ సర్వం పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. 2022లో దాన్ని తొలగించారు, పదేళ్ల ముందే చేయవలసిన పని. ఇదే సంస్థ నడిపే మరో ఆట, అంటే ఓల్డ్ స్కూల్ కాని అసలు రూన్‌స్కేప్, 2012లో డబ్బు పెట్టి తిప్పే అదృష్టచక్రాన్ని ప్రవేశపెట్టింది. ఒకరి కొడుకు ఆ ఆటలో 50,000 పౌండ్లకు మించి అప్పులపాలైన సంగతి బ్రిటన్ పార్లమెంటు కమిటీ 2019 నివేదికలోకి కూడా ఎక్కింది. పేర్లు దగ్గరగా ఉన్నాయి కనుక మీ ఇంట్లో ఎవరైనా ఆడుతుంటే అది ఏ ఆటో ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. పద్నాలుగేళ్ల మా అమ్మాయి ఈ ఆటలో ముక్కూమొహం తెలియనివాళ్లతో చాట్ చేస్తోంది. ఆపించాలా?
— ఒక తండ్రి

జవాబు: పూర్తిగా ఆపిస్తే ఆటలో సగం పోతుంది. ముందుగా ఆమెతో కలిసి కూర్చుని వ్యక్తిగత సందేశాలు స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్ల నుంచే వచ్చేలా అమర్చండి. ఖాతాకు ఫోన్‌లోని అథెంటికేటర్ కోడ్, ఆటలోని బ్యాంకుకు నాలుగంకెల పిన్ పెట్టించండి. అసలు పేరు, ఊరు, బడి చెప్పకూడదని ఆమెకు తెలిసే ఉంటుంది. తెలియనిది మోసాల సంగతి. ఇచ్చిన నాణేలు రెట్టింపు చేసి ఇస్తామనేవాళ్లు, బహుమతి వచ్చిందని నకిలీ లాగిన్ పేజీకి పంపేవాళ్లు, నమ్మించి అడవి ప్రాంతానికి తీసుకెళ్లి చంపి దోచుకునేవాళ్లు అక్కడ కోకొల్లలు. వాటిని ఒక్కొక్కటిగా మీరే చెప్పండి, మీకు తెలుసని తెలిస్తే ఏదైనా జరిగినప్పుడు మీ దగ్గరికే వస్తుంది.

నాకలా చెప్పినవాళ్లు ఎవరూ లేకపోయారు. 2006లో ఒకడు నా రూన్ కవచానికి ఉచితంగా బంగారు అంచు కట్టిస్తానన్నాడు. మామూలు కవచానికి అంచు కట్టే విద్యే ఆ ఆటలో లేదని అప్పటికి నాకు తెలియదు. కవచం అతడి చేతికిచ్చాను, క్షణంలో మాయమయ్యాడు. నెట్ సెంటర్ లెక్కలో దాని ఖరీదు నలభై గంటలు, అంటే ఆరు వందల రూపాయలు. ఆ డబ్బు మా నాన్నగారు ఇచ్చింది టైపింగ్ పరీక్ష ఫీజుకు.